ప్రాణం దక్కిన తరువాత చూపు

చిన్ననాట క్యాన్సర్‌ను జయించిన కంటికి యౌవనంలో మరో ఆపద రావచ్చు. దానిని ఆపే చికిత్స ఉంది. కాని ఆ కంటి గతం తెలుసుకోకుండా ఆ చికిత్సకు పూనుకోరాదు.

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ నది వైపున ఉన్న పేట భుయ్యాడీహ్. ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాలనుంచి తరతరాలుగా వచ్చిన తెలుగువారు ఈ నగరంలో స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి చిహ్నంగా నిలిచివుంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతూ పెరిగే పిల్లలు ఇక్కడి బస్తీలలో అనేకులు.

ఇటువంటి పేటలో ఒక కుర్రవాడు కళ్ళు నులుముకుంటూ బడినుంచి ఇంటికి వస్తే ఎవరూ వింతగా చూడరు. వేసవి వేడి, గాలిలో దుమ్ము, కంటిలో దురద. “కళ్ళు నులుముకోకురా” అని తల్లి ఒక మాట అని ఊరుకుంటుంది. ఏడాది తిరిగేసరికి కళ్ళద్దాల నంబరు మారుతుంది. మరుసటి ఏడాది మళ్ళీ మారుతుంది. ఎదిగే వయసు గదా అని పెద్దలు సమాధానపడతారు.

చాలామంది పిల్లల విషయంలో ఆ సమాధానం సరిపోతుంది కూడా. కాని ఆ పిల్లవాడు పసితనంలో క్యాన్సర్‌కు చికిత్స పొందినవాడైతే సంగతి వేరు. ఆ నులుముడూ, ఏటేటా మారే ఆ నంబరూ ఆలస్యం లేకుండా కంటి వైద్యుని దృష్టికి రావాలి. ఎందుకంటే కార్నియాను పలచబరచి వంకర చేసే కెరటోకోనస్ అనే వ్యాధి ఇలాగే మొదలవుతుంది. ఆరోగ్యంగా పెరిగిన కంటిలో ఆ వ్యాధిని ఆపడం ఇప్పుడు సులభమే. చిన్ననాటి క్యాన్సర్ చికిత్సను చవిచూసిన కంటిలో మాత్రం వైద్యుడు ప్రతి అడుగూ ఆలోచించి వేయవలసివస్తుంది.

ఒక వజ్రం, ఒక ఆసుపత్రి

క్యాన్సర్‌తో పోరాటం జంషెడ్‌పూర్‌కు కొత్త కాదు. ఈ నగర చరిత్రలోనే ఆ వ్యాధి పేరు కలిసివుంది. 1924లో టాటా ఉక్కు కంపెనీ జీతాలు చెల్లించడానికి సైతం కటకటలాడినప్పుడు, సర్ దొరాబ్జీ టాటా తన ఆస్తితోపాటు భార్య మెహర్‌బాయి నగలను కూడా బ్యాంకులో కుదువబెట్టారు. 245 కారట్ల జూబిలీ వజ్రం ఆ నగలలో ఒకటి. కంపెనీ గట్టెక్కింది. కాని 1931లో మెహర్‌బాయి రక్తక్యాన్సర్‌తో, అంటే లుకేమియాతో, మరణించారు.

మరుసటి ఏడాదే, 1932లో, లుకేమియాపై పరిశోధనలకోసం ఆమె పేరిట దొరాబ్జీ ఒక ధర్మనిధిని నెలకొల్పారు. అదే ఏడాది ఆయనా కన్నుమూశారు. ఆయన పేరిట ఉన్న ధర్మసంస్థ 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రిని స్థాపించింది. 1975లో జంషెడ్‌పూర్‌లోనే మెహర్‌బాయి పేరుతో ఒక క్యాన్సర్ ఆసుపత్రి వెలిసింది.

మెహర్‌బాయి మరణించిన రోజులలో లుకేమియా అంటే తిరుగులేని మరణశాసనం. పిల్లలలోనైతే అది కొద్ది వారాలలో, నెలలలో ముగిసే కథ. ఆ కథను మార్చిన వారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు.

భీమవరం బిడ్డ ఇచ్చిన మందు

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా వెళ్ళి, మొదట హార్వర్డ్‌లోనూ తరువాత లెడర్లీ ఔషధ సంస్థలోనూ పరిశోధనలు సాగించారు. ఫోలిక్ ఆమ్లం అనే బి వర్గపు విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి ఆయన నాయకుడు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఈ విటమిన్‌ను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూడగా, వ్యాధి తగ్గడానికి మారుగా విజృంభించినట్టు తోచింది. అంటే వ్యాధికణాలు ఆ విటమిన్ మీద బతుకుతున్నాయి. మరి ఆ విటమిన్‌కు విరోధి అయిన పదార్థాన్ని ఇస్తే?

సుబ్బారావు బృందం అటువంటి విరోధులను తయారుచేసి ఇచ్చింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1948లో ఫార్బర్ ప్రకటించిన నివేదిక ప్రకారం, ఆ మందు పుచ్చుకున్న 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా వెనుదిరిగింది. అంతకు ముందు ఏ మందూ అంతపని చేయలేదు. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ముఖ్యమైన ఔషధం.

ఈనాడు సంపన్న దేశాలలో పిల్లలకు ఎక్కువగా వచ్చే రకం లుకేమియాను సుమారు పదిమందిలో తొమ్మిదిమంది జయిస్తున్నారు. కంటిలోనే పుట్టే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌ను సకాలంలో గుర్తిస్తే అక్కడ నూటికి తొంభైఐదుగురికి పైగా బతుకుతున్నారు. మన దేశంలో రోగులు ఆలస్యంగా రావడం వల్ల ఈ లెక్క ఇంకా వెనుకబడే ఉంది. అయినా ఇక్కడ కూడా బతికి, పెరిగి, బడికి వెళుతున్న పిల్లల సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. అందువల్ల వైద్యుల ముందు ఒక కొత్త బాధ్యత నిలిచింది. ప్రాణం నిలిపిన తరువాత, ఆ ప్రాణానికి పనికివచ్చే చూపును కూడా నిలపాలి.

గెలుపు మిగిల్చిన గుర్తులు

క్యాన్సర్‌ను చంపే చికిత్స ఏదీ కంటిని పూర్తిగా ఉపేక్షించదు. నెలల తరబడి వాడే స్టెరాయిడ్ మందుల వల్ల కంటిలో శుక్లం ఏర్పడవచ్చు, కంటిలోని ఒత్తిడి పెరగవచ్చు. తలకో ముఖానికో రేడియేషన్ ఇచ్చినప్పుడు కన్నీటి గ్రంథులు దెబ్బతిని కన్ను పొడిబారుతుంది. ఎముక మూలుగ మార్పిడి చేయించుకున్నవారిలో కొందరికి, దాతనుంచి వచ్చిన కణాలు గ్రహీత శరీరాన్నే పరాయిదిగా భావించి కన్నీటి గ్రంథులపై దాడి చేస్తాయి. అప్పుడు కన్ను ఎంత పొడిబారుతుందంటే, రెప్ప వేసినప్పుడల్లా ఇసుక రాపిడివలె ఉంటుంది.

రెటినోబ్లాస్టోమా సంగతి మరింత సున్నితమైనది. ఇది సాధారణంగా అయిదేళ్ళలోపు పిల్లలకు, సుమారు పదిహేను నుంచి పద్దెనిమిది వేల జననాలలో ఒకరికి వస్తుంది. ఫోటోలో కంటిపాప ఎర్రగానో నల్లగానో కాక తెల్లగా మెరవడం, లేదా మెల్లకన్ను పడడం దీని తొలి సూచన. ఒకప్పుడు కన్ను తీసివేయడం, లేదా బయటినుంచి రేడియేషన్ ఇవ్వడం తప్ప మార్గం ఉండేది కాదు. 1990ల మధ్యనుంచి మందులతో గడ్డను కుదించి, ఆపైన లేజర్‌తోనో అతిశీతలంతోనో దానిని నాశనం చేసే పద్ధతి వచ్చింది. 2006నుంచి సన్నని గొట్టం ద్వారా కంటి ధమనిలోకే నేరుగా మందు పంపే చికిత్స వ్యాపించింది. ఇప్పుడు చాలా కళ్ళు దక్కుతున్నాయి. అయినా ఒక కన్ను పోగొట్టుకుని, రెండవ కంటితో మాత్రమే లోకాన్ని చూసే పిల్లలు ఇంకా ఎందరో ఉన్నారు.

ఆ పిల్లలకు పది పన్నెండేళ్ళు వచ్చేసరికి క్యాన్సర్ ఒక పాత జ్ఞాపకంగా మారుతుంది. ఊరు మారుతుంది, ఇల్లు మారుతుంది, ఆసుపత్రి కాగితాలు ఎక్కడో పడిపోతాయి. సరిగ్గా ఆ వయసులోనే కెరటోకోనస్ తల ఎత్తుతుంది.

గోపురం శంకువుగా మారితే

కంటి ముందు భాగాన, గడియారానికి అద్దంవలె అమరిన పారదర్శకమైన పొరే కార్నియా. దాని నడిమి మందం అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. కంటిలోకి వచ్చే వెలుగును వంచి ఒకచోట కేంద్రీకరించే పనిలో సుమారు మూడింట రెండు వంతులు ఈ పలుచని పొరే చేస్తుంది. అందుకు అది నున్నని గోపురంలా ఉండాలి. కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు పేట మీద పేటగా అల్లుకుని ఆ ఆకారాన్ని నిలుపుతాయి.

కెరటోకోనస్‌లో ఆ అల్లిక సడలిపోతుంది. కార్నియా పలచబడి, కంటి లోపలి ఒత్తిడికి తట్టుకోలేక ముందుకు పొడుచుకువస్తుంది. గోపురం క్రమంగా శంకువుగా మారుతుంది. అప్పుడు దీపం చుట్టూ తోకలు కనిపిస్తాయి, ఒక అక్షరానికి రెండు మూడు నీడలు తోడవుతాయి. కళ్ళద్దాలు ఎన్ని మార్చినా చూపు కుదురుకోదు. 1854లో ఇంగ్లండులోని జాన్ నాటింగ్‌హామ్ అనే వైద్యుడు ఈ వ్యాధిని వివరంగా వర్ణించి గ్రంథం రాశాడు. అయినా దానిని ఆపే సాధనం దొరకడానికి మరో నూట యాభై ఏళ్ళు పట్టింది.

ఇది మనవారికి అరుదైన వ్యాధి కాదు. మహారాష్ట్ర గ్రామీణ ప్రాంతంలో ముప్ఫై ఏళ్ళు పైబడిన 4,667 మందిని పరీక్షించి 2009లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, నూటికి ఇద్దరికి పైగా కార్నియా హద్దుమీరిన వంపుతో ఉన్నట్టు తేలింది. పాశ్చాత్య దేశాలలో వైద్యులు చెబుతూ వచ్చిన సంఖ్యకంటె ఇది చాలా ఎక్కువ. వంశపారంపర్యం ఒక కారణం. కంటి ఎలర్జీ, దాని వెంట వచ్చే నులుముడు మరో ముఖ్య కారణం. పిడికిలితో నులిమిన ప్రతిసారీ సడలిన ఆ అల్లిక మరికొంత సడలుతుంది.

క్యాన్సర్ చికిత్సే కెరటోకోనస్‌ను పుట్టిస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. రెండూ వేర్వేరు వ్యాధులు. ఒకే కంటిలో కలుసుకోవచ్చు, అంతే. కాని పొడిబారి మండుతున్న కన్ను నులుముకోమని చేతిని పిలుస్తుంది. ఆ దారిన మొదటి వ్యాధి చికిత్స రెండవ వ్యాధికి ఊతమివ్వగలదు.

విటమిన్, వెలుగు

1990లలో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో థియో సైలర్, ఎబర్‌హార్డ్ స్పోర్ల్, గ్రెగర్ వోలెన్‌సాక్ అనే పరిశోధకులు ఒక సామాన్యమైన ప్రశ్న వేసుకున్నారు. వయసుతోపాటు మనిషి కార్నియా సహజంగానే గట్టిపడుతుంది. మధుమేహ రోగులలో ఆ గట్టిదనం మరింత ముందుగా వస్తుంది, వారిలో కెరటోకోనస్ అరుదు. కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడడమే దీనికి కారణం. అటువంటి బంధాలను మనమే వేయగలిగితే?

వారు ఎంచుకున్న పదార్థం రైబోఫ్లావిన్, అంటే పాలలోనూ ఆకుకూరలలోనూ ఉండే విటమిన్ బి2. దానికి తోడు అతినీలలోహిత కిరణం. రోగి కంటికి మత్తుచుక్కలు వేసి, కార్నియా పైపొరను మెల్లగా తొలగిస్తారు. అరగంటపాటు పసుపుపచ్చని రైబోఫ్లావిన్ చుక్కలు వేసి కార్నియాను తడుపుతారు. తరువాత మరో అరగంట, చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీవాట్ల శక్తి గల అతినీలలోహిత కాంతిని దానిపై ప్రసరింపజేస్తారు. కిరణం తాకిన విటమిన్ ఆమ్లజనిని ఉత్తేజపరుస్తుంది. దాని చర్యవల్ల పోగుల మధ్య బంధాలు పడతాయి. చివర కట్టు మాదిరి పనిచేసే ఒక మెత్తని కాంటాక్ట్ లెన్స్ అమరుస్తారు. రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది. పైపొర కొద్ది రోజులలో తిరిగి పెరుగుతుంది. కొన్ని నెలలు చూపు కాస్త మసకగా ఉండవచ్చు.

2003లో వోలెన్‌సాక్ బృందం 22 మంది రోగుల 23 కళ్ళ ఫలితాలను ప్రకటించింది. చికిత్స చేసిన కళ్ళన్నిటిలో వ్యాధి ముందుకు సాగడం ఆగిపోయింది. ఎక్కువ కళ్ళలో వంపు కొంత తగ్గింది కూడా. ఈ పద్ధతి కొద్ది ఏళ్ళలోనే ప్రపంచమంతటా వ్యాపించింది. 2016లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ దీనికి అనుమతినిచ్చింది. దీని పేరు క్రాస్‌లింకింగ్. ఇది పోయిన చూపును తెచ్చిపెట్టేది కాదు; ఉన్న చూపు జారిపోకుండా పట్టి ఉంచేది.

ఒక బి విటమిన్‌కు విరోధిని సృష్టించి పిల్లల ప్రాణాలకు దారి వేసింది సుబ్బారావు బృందం. మరో బి విటమిన్‌ను మిత్రునిగా చేసుకుని చూపును నిలిపింది డ్రెస్డెన్ బృందం. ఈ రెండు దారులు ఒకే పిల్లవాని కంటిలో కలిసినప్పుడే చిక్కు ప్రశ్న ఎదురవుతుంది.

అదే కిరణం, వేరే కన్ను

క్యాన్సర్ అనగానే తల్లిదండ్రులకు మొదట తోచే భయం సహజమైనదే. అతినీలలోహిత కిరణాలు చర్మక్యాన్సర్‌కు కారణమని అందరూ విన్నారు. ఒకప్పుడు క్యాన్సర్ ఉన్న కంటిపైకి అటువంటి కిరణాన్ని పంపవచ్చా? దీనికి అవునని గాని కాదని గాని ఒక్క మాటలో సమాధానం లేదు. వైద్యుడు ఒక్కొక్క పొరనూ విడిగా ఆలోచించవలసివుంటుంది.

మొదటిది కంటి ఉపరితలం. కార్నియా అంచున, తెల్లగుడ్డు మొదలయ్యే చోట, మూలకణాలు ఉంటాయి. తొలగించిన పైపొరను తిరిగి పెంచేవి అవే. రేడియేషన్ సోకిన కంటిలో, మూలుగ మార్పిడి తరువాత ఎండిపోయిన కంటిలో ఈ కణాలు బలహీనపడి ఉండవచ్చు. అప్పుడు పైపొర త్వరగా పెరగదు, ఆ పుండు ద్వారా సూక్ష్మజీవులు ప్రవేశిస్తాయి. అందుకే చికిత్సకు ముందే పొడిదనాన్ని సరిచేయాలి, కిరణం అంచున పడకుండా కాపాడాలి. పైపొరను తీయకుండా చేసే పద్ధతులు కూడా ఉన్నాయి. వాటివల్ల ఉపరితలానికి శ్రమ తక్కువ, కాని గట్టిదనం తక్కువగా వస్తుందని అనేక పరిశీలనలు చెప్పాయి. పూర్వం హెర్పిస్ వైరస్ వల్ల కార్నియా పుండుపడిన కంటిలో క్రాస్‌లింకింగ్ ఆ వైరస్‌ను తిరిగి మేల్కొల్పవచ్చు. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఈ సంగతి మరీ ముఖ్యం. క్యాన్సర్ మందులు ఇంకా వాడుతూ, రక్తకణాలు తగ్గివున్న సమయంలోనైతే అవి కోలుకునేదాకా వేచివుండడం మేలు.

రెండవది కార్నియా లోపలి వరస. ఇక్కడి కణాలు ఒకసారి నశిస్తే మళ్ళీ పుట్టవు. కార్నియా మందం కనీసం 400 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదింట నాలుగు వంతులు, ఉంటేనే ప్రామాణిక పద్ధతిని వాడాలన్న నియమం ఈ కణాల రక్షణకోసం ఏర్పడినదే. రైబోఫ్లావిన్ బంధాలు వేయడమే కాక, కిరణాన్ని తానే పీల్చుకుని లోపలి భాగాలకు తెరవలె అడ్డుపడుతుంది. అంతకంటె పలుచని కార్నియాలను ప్రత్యేక ద్రావణంతో తాత్కాలికంగా ఉబ్బించి చికిత్స చేసే విధానాలు ఉన్నాయి.

మూడవది కంటి కటకం, దాని వెనుక ఉన్న రెటీనా. మామూలు కంటిలో కార్నియాను దాటిన కొద్దిపాటి కిరణాన్ని కటకం ఆపివేస్తుంది. కాని చిన్ననాటి రేడియేషన్ వల్ల శుక్లం ఏర్పడి కటకం తీసివేసిన కంటిలో ఆ సహజమైన అడ్డు ఉండదు. దాని స్థానంలో అతినీలలోహిత కిరణాలను ఆపగల కృత్రిమ కటకం ఉన్నదా లేదా అన్నది పాత శస్త్రచికిత్స కాగితంలోనే తెలుస్తుంది.

నాలుగవది వంశపారంపర్యం. 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 48 మంది రెటినోబ్లాస్టోమా రోగుల వివరాలను పరిశీలించి, ఒక జన్యువు రెండు ప్రతులూ చెడినప్పుడే ఈ వ్యాధి పుడుతుందని ఊహించాడు. కొందరు పిల్లలు ఒక చెడిన ప్రతితోనే పుడతారు. వారి శరీరంలోని ప్రతి కణంలోనూ ఆ లోపం ఉంటుంది. అటువంటివారికి పెద్దయ్యాక ఎముక క్యాన్సర్, చర్మంలో మెలనోమా వంటివి వచ్చే అవకాశం ఇతరులకంటె ఎక్కువ. చిన్ననాట రేడియేషన్ పొందినవారిలో, ఆ కిరణాలు పడిన చోట ఈ ముప్పు మరింత పెరుగుతుంది. క్రాస్‌లింకింగ్‌లో వాడే కిరణం రేడియేషన్ చికిత్సలోని కిరణం వంటిది కాదు. అది పడేది ఒక చిన్న వర్తులంలో, అరగంటపాటు మాత్రమే. అయినా ఇటువంటి రోగుల విషయంలో అవసరానికి మించి ఒక్క కిరణం కూడా సోకకుండా చూడడం వైద్యుని వివేకం. కంటి గడ్డ పూర్తిగా నిద్రావస్థలో ఉన్నదని కంటి క్యాన్సర్ నిపుణుడు నిర్ధారించిన తరువాతనే అడుగు ముందుకు వేయాలి.

ఆగడమే ప్రమాదం

ఇన్ని జాగ్రత్తలు విన్న తరువాత, “ఇంత చిక్కు దేనికి? ఏమీ చేయకుండా వదిలేద్దాం” అనిపించవచ్చు. కాని అసలు ప్రమాదం అక్కడే పొంచివుంది.

పెద్దలకంటె పిల్లలలో కెరటోకోనస్ వేగంగా ముదురుతుంది. అందుకే చాలామంది వైద్యులు పిల్లల విషయంలో ఏడాది పొడవునా ఎదురుచూడక, వ్యాధి నిర్ధారణ కాగానే చికిత్సకు పూనుకుంటారు. వదిలేస్తే కార్నియా మచ్చలుపడి, చివరకు మార్పిడి తప్ప గత్యంతరం లేని స్థితి రావచ్చు.

కార్నియా మార్పిడి ఇప్పుడు మనకు అందుబాటులో ఉన్న శస్త్రచికిత్స. 1905లో మొరేవియాలోని ఒలొమౌట్స్ పట్టణంలో ఎడ్వర్డ్ జిర్మ్ తొలిసారి విజయవంతంగా చేసిన ఈ మార్పిడిని నేడు దేశంలోని పెద్ద కంటి ఆసుపత్రులన్నీ చేస్తున్నాయి. కాని క్యాన్సర్ చూసిన కన్ను దీనికి సులువుగా లొంగదు. ఎండిన, మూలకణాలు క్షీణించిన ఉపరితలంపై అతికించిన కార్నియా నిలవడం కష్టం. రెటినోబ్లాస్టోమా వచ్చిన కంటిలోనైతే మరొక భయం ఉంది. గడ్డ కణాలు ఎక్కడైనా సజీవంగా మిగిలివుంటే, కంటిని కోసి తెరవడం వాటికి బయటికి దారి చూపడమే అవుతుంది. అందుచేత అటువంటి కంటిని తెరిచే శస్త్రచికిత్సకు వైద్యులు ఎంతో వెనుకాడతారు. తప్పనిసరైనప్పుడు, లోపలి వరసను అలాగే ఉంచి పై పొరలను మాత్రమే మార్చే పద్ధతిని ఎంచుకోవడానికి ప్రయత్నిస్తారు.

క్రాస్‌లింకింగ్ కంటిని తెరవదు. దాని విలువ ఇక్కడే. ఇతరులకు అది మార్పిడిని తప్పించే సౌకర్యమైతే, ఈ పిల్లలకు అది మార్పిడి అనే చివరి, అతిక్లిష్టమైన మెట్టుకు చేరకుండా కాపాడే గోడ. పైగా రెండవ కన్ను లేని పిల్లవాని విషయంలో ఆలస్యానికి చెల్లించవలసిన మూల్యం అతని మొత్తం చూపు. గతంలోని క్యాన్సర్ జాగ్రత్తను పెంచుతుంది, అంతకు మించి తొందరను పెంచుతుంది.

చూపును కూర్చే అద్దాలు

వ్యాధి ఆగిన తరువాత మిగిలిన పని చూపును కూర్చడం. తొలిదశలో కళ్ళద్దాలు చాలు. ఆపైన గట్టి కాంటాక్ట్ లెన్స్‌లు కార్నియా వంకరను కప్పి నున్నని ఉపరితలాన్ని కల్పిస్తాయి. క్యాన్సర్ చికిత్సతో ఎండిన కళ్ళకు మరింత అనువైనది స్క్లెరల్ లెన్స్. ఇది కార్నియాను తాకకుండా, తెల్లగుడ్డు మీద ఆనుకుని నిలుస్తుంది. దానికీ కార్నియాకూ మధ్య శుభ్రమైన ద్రవం నిండివుంటుంది. చూపును స్పష్టం చేయడంతోపాటు అది రోజంతా కంటిని తడిపి ఉంచుతుంది. ఒకే సాధనం రెండు బాధలనూ తీరుస్తుందన్నమాట. ఒక్క కన్నే ఉన్న పిల్లవాడు మాత్రం, లెన్స్ పెట్టుకున్నా, నంబరు అవసరం లేకపోయినా, పగలని పాలీకార్బనేట్ కళ్ళద్దాలను ఎల్లవేళలా ధరించాలి. క్రికెట్ బంతి ఒక్కటి చాలు ఉన్న కన్నూ పోవడానికి.

ఇంట్లో చేయదగినవి

భుయ్యాడీహ్‌లోని కుటుంబానికి మొదటి మెట్టు దగ్గరలోనే ఉంది. జంషెడ్‌పూర్‌లోని సాక్చీలో ఒక కంటి ఆసుపత్రి చాలాకాలంగా పనిచేస్తున్నది. వివరమైన పరీక్షలకు, క్యాన్సర్ నిపుణుని సలహా కూడా కలిసి అవసరమైనప్పుడు, టాటానగర్ స్టేషన్ నుంచి 250 కిలోమీటర్ల దూరాన కలకత్తా ఉంది. అక్కడ 2011లో ప్రారంభమైన టాటా మెడికల్ సెంటర్ క్యాన్సర్‌కు, శంకర నేత్రాలయ శాఖ కంటికి పేరుపొందినవి. 1987లో హైదరాబాదులో ప్రారంభమైన ఎల్. వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి భువనేశ్వర్‌లోనూ విశాఖపట్నంలోనూ కూడా శాఖలు ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు బంధువులున్నవారికి విశాఖ పరాయి ఊరు కాదు.

క్యాన్సర్‌నుంచి కోలుకున్న పిల్లవాని కంటిని ఏటా ఒకసారైనా పరీక్షించాలి. అద్దాల నంబరు, ముఖ్యంగా అడ్డనంబరు, ఆరు నెలలకో ఏడాదికో మారుతూంటే కార్నియా వంపును కొలిచే టోపోగ్రఫీ పరీక్ష చేయమని అడగాలి. నొప్పిలేని ఆ పరీక్ష కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. దురద ఉంటే చల్లని నీటిలో తడిపిన గుడ్డ కంటిపై వేయడం, వైద్యుడు రాసిన ఎలర్జీ చుక్కలు వాడడం మంచిది. దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వాడకూడదు. అవి దురదను క్షణంలో అణచి, నెమ్మదిగా కంటి నరాన్ని హరిస్తాయి. పసితనంలో స్టెరాయిడ్లు వాడిన కంటికి ఆ ముప్పు మరీ దగ్గర.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటుంది. కంటి వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు, ఆయన అడిగినా అడగకపోయినా, “చిన్నప్పుడు వీడికి క్యాన్సర్ వచ్చిందండీ” అని చెప్పాలి. ఏ క్యాన్సర్, ఏ మందులు, ఎంత రేడియేషన్, ఏ కంటికి, ఏ సంవత్సరంలో, కటకం తీశారా లేదా, వంశపారంపర్య పరీక్ష జరిగిందా అన్న వివరాలు ఆ పాత కాగితాలలోనే ఉంటాయి. మంచి పెళ్ళిలో తప్ప జబ్బు మాట ఎత్తకూడదని దాచే కుటుంబాలు ఉన్నాయి, ముఖ్యంగా ఆడపిల్ల విషయంలో. ఆ మౌనం వల్ల వైద్యుని చేతిలోని కిరణం గుడ్డిదవుతుంది. కాగితాలు పోయివుంటే చికిత్స చేసిన ఆసుపత్రికి ఉత్తరం రాసి నకలు కోరవచ్చు. ఇంటికి వచ్చిన ఆ నకలును ఇంటిపత్రాలతోపాటు ఇనప్పెట్టెలో భద్రపరచాలి. పిల్లవానికి ఊహ తెలిసిన నాడు దానిని చదివి వినిపించాలి. రేపు తన కంటిని తానే కాపాడుకోవలసినవాడు అతడే.